నీళ్ళు తెస్తా సార్, చదవను!

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ప్రాథమిక పాఠశాలకు పోతున్నారా? అయితే ఈ సాయంత్రం పిలిచి, "పుస్తకం తీసి ఒక పేజీ చదువు" అని చెప్పి చూడండి. కొందరు గబగబా చదివేస్తారు. ఇంకొందరికి సరిగ్గా అప్పుడే దాహం వేస్తుంది, కడుపు నొస్తుంది, ఎనుమును కట్టేయలేదన్న సంగతి గుర్తుకొస్తుంది. ఈ రెండో రకం పిల్లల గురించి మనం ఇప్పుడు మాట్లాడుకుందాం.

అలాంటి పిల్లవాడొకడు నాకు బాగా తెలుసు. కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు ఈవలి వైపు ఒక ఊరు. మా హైస్కూలు ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల కూడా ఉంది. ఖాళీ పీరియడ్లలో నేను ఐదో తరగతికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. వాచకం తీయమనగానే ఈ పిల్లవాడు లేచి నిలబడేవాడు. "నీళ్ళు తెచ్చేదా సార్?" అనేవాడు. నీళ్ళుంటే "బోర్డు తుడిచేదా సార్?" అదీ శుభ్రంగా ఉంటే "చీపురు తెచ్చేదా?" బడిలో ఇంత పనిమంతుడు ఇంకొకడు లేడు. వాళ్ళింట్లో పన్నెండు మేకలున్నాయి. ఏ మేక ఎప్పుడు ఈనిందో, ఏది ఏ ఆకు తింటుందో, ఏది తినదో తడుముకోకుండా చెప్పేవాడు. లెక్కలు నోటితో చేసేవాడు. పుస్తకం తెరిచామంటే మాత్రం మనిషి మాయం.

ఇది సోమరితనమని నేను అనుకున్నాను. ఒకరోజు పట్టుబట్టి నిలబెట్టి, తరగతి అందరి ముందూ చదవమన్నాను. మూడు మాటలు చదివాడు. చెమటలు పట్టాయి. వెనక నుంచి ఎవరో నవ్వారు. మరుసటి రోజు వాడు బడికి రాలేదు, ఆ మరుసటి రోజూ రాలేదు. బీఈడీలో బోధన మనస్తత్వశాస్త్రం చదివి, ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత మాత్రం తెలుసుకోలేకపోయానే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇలాంటి పిల్లలు మన పల్లెల్లోనే ఉంటారనుకోకండి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో కానీ జూయెల్ అనే పరిశోధకురాలు 54 మంది పిల్లలను ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గమనించి, 1988లో తన ఫలితాలు ప్రకటించింది. ఆమె పిల్లలను ఒక చిత్రమైన ప్రశ్న అడిగింది. చదవడం ఇష్టమా, గది ఊడ్చి సర్దుకోవడం ఇష్టమా? బాగా చదవగలిగిన పిల్లల్లో నూటికి ఐదుగురే గది సర్దడం మేలన్నారు. చదవలేని పిల్లల్లో నూటికి నలభై మంది ఆ మాటే అన్నారు. ఒక పిల్లవాడైతే చదవడం కన్నా స్నానాల తొట్టికి పట్టిన బూజు గీకుతానన్నాడట! ఆ తొట్టి పిల్లవాడూ, మా నీళ్ళ పిల్లవాడూ ఒకే బాపతు.

చదవలేకపోవడం, చదవడానికి ఇష్టపడకపోవడం - ఈ రెండింటిలో ఏది ముందు? పెద్దవాళ్ళం సాధారణంగా "వాడికి ఇష్టం లేదు, అందుకే రావడం లేదు" అంటాం. అది తలకిందులు చేసి చూడాలి. ఎందుకో తెలుసుకోవాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి.

చేసి చూడండి

కింద రెండు పంక్తులున్నాయి. వాటిని కుడి నుంచి ఎడమకు, ఒక్కొక్క అక్షరంగా, పైకి చదవాలి. ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసుకోండి.

దిచ్చింతె లుల్లపికమే డురెం యిపో కుతసం వ్వఅ మా

దిల్లన టికఒ లోటివా

అయిందా? ఇప్పుడు పుస్తకం మూసి చెప్పండి. అవ్వ ఎక్కడికి పోయింది? ఏమి తెచ్చింది? ఎన్ని తెచ్చింది? ఏది ఏ రంగు?

మీలో చాలామందికి అక్షరాలు పలకడం వచ్చింది కానీ, పంక్తి చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయి ఉంటారు. మళ్ళీ వెనక్కి పోయి ఉంటారు. రెండో పంక్తికి వచ్చేసరికి విసుగు పుట్టి ఉంటుంది. ఇది రెండు పంక్తులే. వాచకం మొత్తం ఇలాగే అచ్చువేసి, నలభై మంది ముందు నిలబడి చదవమంటే? మీరు కూడా నీళ్ళు తెస్తామంటారు!

మీకు ఎదురైన ఇబ్బంది పేరు తాత్కాలిక జ్ఞాపకం చాలకపోవడం. మనసులో ఒక చిన్న అరుగు లాంటిది ఉంటుంది. విన్నదీ చూసినదీ కాసేపు దానిమీద పెట్టుకుని పని చేసుకుంటాం. ఆ అరుగు చాలా చిన్నది. జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో దానిమీద సుమారు ఏడు వస్తువులు పడతాయన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు నాలుగే అంటున్నారు. మీరు "మేకపిల్లలు" అన్న మాటను ఒకేసారి చూసి గుర్తుపడతారు, కాబట్టి అది ఒక్క వస్తువే. కొత్తగా చదివే పిల్లవాడికి అది మే, క, పి, ల్ల, లు. అంటే ఐదు వస్తువులు. అరుగు నిండిపోయింది. ఇక అర్థం కూర్చునే చోటేది?

లాబర్జ్, సామ్యుయెల్స్ అనే ఇద్దరు 1974లో ఈ సంగతినే ఒక సిద్ధాంతంగా చెప్పారు. అక్షరాలను పోల్చుకునే పని సైకిలు తొక్కినంత అలవాటైపోతేనే మనసుకు అర్థం మీద ధ్యాస పెట్టే తీరిక దొరుకుతుందని దాని సారాంశం.

కన్ను పాకదు, గెంతుతుంది

చదివేటప్పుడు మన కన్ను అక్షరాల వెంట చీమలాగా పాకుతూ పోతుందని అనుకుంటాం. అది నిజం కాదు. పాత వార్తాపత్రిక ఒకటి తీసుకుని మధ్యలో బఠాణీగింజంత రంధ్రం చేయండి. మీ స్నేహితుడికి ఎదురుగా కూర్చుని, పత్రికను నిటారుగా పట్టుకుని, వాడి వైపున్న పేజీ చదవమనండి. మీరు వెనుక నుంచి రంధ్రంలో వాడి కళ్ళను చూడండి. కనుగుడ్డు గెంతుతుంది, ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. పారిస్‌లో ఎమిల్ జావల్ అనే కంటివైద్యుడి ప్రయోగశాలలో 1879 ప్రాంతంలో ఈ సంగతి బయటపడింది. బాగా చదివేవాడి కన్ను ఒక్కొక్క చోట ఇంచుమించు పావు సెకను ఆగుతుంది. ఆ ఆగినప్పుడే అక్షరాలను చూస్తుంది, గెంతేటప్పుడు ఏమీ చదవదు. కొత్తగా నేర్చుకునేవాడి కన్ను ఎక్కువచోట్ల ఆగుతుంది, ఎక్కువసేపు ఆగుతుంది, మాటిమాటికీ వెనక్కి గెంతుతుంది. వీలైతే ఈ ప్రయోగం మీ ఈడు పిల్లవాడితో ఒకసారి, మూడో తరగతి పిల్లవాడితో ఒకసారి చేయండి. తేడా మీకే కనిపిస్తుంది.

మాట్లాడటం పిల్లలకు ఎవరూ పాఠం చెప్పకుండానే వస్తుంది. చదవడం అలా రాదు. మనిషి రాత కనిపెట్టి అయిదువేల ఏళ్ళకు కొంచెం పైన అయింది, అంతే. చదవడం కోసం ప్రత్యేకంగా ఒక భాగం మెదడులో పుట్టడానికి ఆ కాలం ఏ మూలకూ చాలదు. అందుకని మెదడు వేరే పనికి పెట్టుకున్న గదిని చదువుకు వాడుకుంటుంది. ఎడమవైపు, తల వెనుక భాగానికి కొంచెం కిందుగా, వస్తువులనూ ముఖాలనూ పోల్చుకునే చోటుంది. అక్షరాలు నేర్చుకున్నవాళ్ళలో అక్కడే ఒక భాగం అక్షరాలకు అలవాటుపడుతుందని ఫ్రాన్సులో లారెంట్ కోహెన్, స్టానిస్లాస్ డెహేన్ 2000లో చూపించారు. మన దేశంలోనే, లక్నో దగ్గరి పల్లెల్లో, అక్షరం ముక్క రాని పెద్దవాళ్ళకు ఆరు నెలలు చదవడం, రాయడం నేర్పి, ముందూ తర్వాతా మెదడు చిత్రాలు తీశారు. ఆ ఆరు నెలలకే మెదడు పనితీరులో మార్పు కనిపించింది. 2017లో ఆ ఫలితాలు ప్రకటించారు. వయసు మీరిందని చదువు రాకుండా పోదన్న మాట. ఆ మాటకొస్తే కడపలో ఎంతోకాలం ఉన్న సి.పి. బ్రౌన్ పద్దెనిమిదేళ్ళు దాటి మద్రాసు వచ్చాకనే తెలుగు అక్షరాలు దిద్దాడు. తర్వాత నిఘంటువు రాశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది, వీలైతే చూసి రండి.

మన అక్షరాలకు ఓపిక కావాలి

ఇంగ్లీషు అక్షరాలు 26. మన వర్ణమాలలో 56 అంటారు. కానీ పిల్లవాడు గుర్తుపట్టాల్సినవి 56 మాత్రమే కావు. హల్లులు 35 అనుకుని, ఒక్కొక్కదానికి గుణింతపు రూపాలు పన్నెండు చొప్పున లెక్కవేసినా 420 అవుతాయి. దానిపైన ఒత్తులు. త, మ, య, ర లాంటి అక్షరాల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి కూడా ఉండవు. ప, ష, స, వ పక్కపక్కన పెట్టి ఒకటో తరగతి పిల్లవాడి కళ్ళతో చూడండి. ద, థ, ధ కూడా అంతే, లోపలి చుక్కో కింది గీతో తప్ప తేడా లేదు.

ఇంకొక తమాషా. "స్త్రీ" అన్న అక్షరం చూడండి. పలికేటప్పుడు సకారం, తకారం, రకారం వరసగా వచ్చి చివర ఈకారం వస్తుంది. రాసేటప్పుడు ఆ ఈకారపు గుర్తు ఎక్కడుంది? సకారం నెత్తిమీద! కాబట్టి పిల్లవాడు "సీ... త... ర..." అని చదివితే వాడు తెలివితక్కువవాడు కాదు, కనిపించిందే చదివాడు.

మన లిపికి అక్క లాంటిది కన్నడ లిపి. ఆ లిపిలో చదవడం నేర్చుకునే పిల్లలను బెంగళూరులో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పరీక్షించి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈ గుణింతాలూ ఒత్తులూ పూర్తిగా పట్టుబడటానికి మూడు, నాలుగు తరగతుల దాకా పడుతోందని అందులో తేలింది. మన పాఠాలేమో రెండో తరగతికే పిల్లవాడికి అక్షరాలన్నీ వచ్చేశాయన్నట్టు పరుగెత్తుతాయి. అక్కడ వెనుకబడినవాడి కోసం ఎవరూ ఆగరు.

ఒక గుణకారం

చదవడానికి ఇంకొక సగం ఉంది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో దాన్ని మీకు సులువుగా అర్థమయ్యే సూత్రంగా చెప్పారు. చదివి గ్రహించడం అంటే, అక్షరాలు పోల్చుకునే శక్తిని ఆ భాష అర్థమయ్యే శక్తితో గుణిస్తే వచ్చే లబ్ధం. కూడిక కాదు, గుణకారం. రెంటిలో ఏది సున్నా అయినా జవాబు సున్నాయే.

ఇది మన సీమలో ఎంత నిజమో చూడండి. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఎన్నో ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. తండాల్లో లంబాడీ పలుకుతుంది. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. తెలుగే మాట్లాడే ఇంట్లో కూడా మాట వేరు. పుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది. కర్నూలు పిల్లవాడికి అవి బుడ్డలు, కడప పిల్లవాడికి శెనక్కాయలు. పుస్తకంలో ఉల్లిపాయ, ఇంట్లో ఎర్రగడ్డ. కష్టపడి "వే... రు... శ... న... గ" అని కూడబలుక్కున్నాక, అది తాను రోజూ జేబులో వేసుకుని తిరిగే గింజేనని వాడికి తట్టదు. పడిన కష్టానికి కూలి దక్కలేదు. కూలి దక్కని పని ఎవరు చేస్తారు?

ఈ సంగతి కొత్తది కాదు. రెండువందల ఏళ్ళ కిందటే మన ప్రాంతంలోనే ఒకాయన గమనించి రాసిపెట్టాడు.

అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నవాడు థామస్ మన్రో. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఏమి నేర్పుతున్నారు అని 1822లో కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం మీద పుస్తకం రాసినవాడాయన, కాబట్టి పైపైన చూసి రాయలేదు. ఆదోని ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. అంటే ఆ నివేదిక మన ముత్తాతల ముత్తాతల బడుల గురించే.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. బడికి అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. ఇరవయ్యోవాడి సంగతి మీరే లెక్క కట్టుకోండి! (ఇప్పుడు విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం నిషేధం. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమలులో ఉంది.)

క్యాంప్‌బెల్ కష్టపెట్టుకున్నది ముఖ్యంగా పుస్తకాల గురించి. పిల్లలు చదివే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు. పద్యాలు గడగడా అప్పజెప్పే కుర్రవాడికి వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునని రాశాడు. మన గుణకారంలో వేసి చూడండి. అక్షరాలు పోల్చుకునే శక్తి నిండుగా ఉంది, భాష దగ్గర సున్నా. లబ్ధం ఎంత? పుస్తకం భాషను జనం నోటి భాషకు దగ్గర చేయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఆ తర్వాత ఎంతోకాలానికి.

మిరపకోతల నెలలు

ఇప్పుడు చెప్పబోయేది మా ప్రాంతపు పిల్లలకు నేను చెప్పనక్కర లేదు, వాళ్ళకే ఎక్కువ తెలుసు. మిగతా చోట్లవాళ్ళ కోసం చెబుతాను. ఇక్కడ వాన తక్కువ. ఖరీఫ్ పంట ఇంటికి వచ్చాక, లేదా రాకపోయాక, చేసేందుకు పని ఉండదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణకు పత్తి తీయడానికి పోతాయి. పెద్దలు పోతే పిల్లలను చూసేవారెవరు? సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. అయినా కొందరు పిల్లలు మూటలతో పాటు బండి ఎక్కుతారు.

మూడు నెలలు బడి లేకపోతే ఏమవుతుంది? ఈత నేర్చినవాడు మూడు నెలలు బావిలో దిగకపోతే నష్టం లేదు. నేర్చుకుంటూ సగంలో ఉన్నవాడికి మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది. ఒత్తులు సగం పట్టుబడిన రెండో తరగతి పిల్లవాడు సంక్రాంతికి పోయి ఏప్రిల్‌లో తిరిగి వస్తే, తరగతి పద్యం దాకా వెళ్ళిపోయి ఉంటుంది. వాడు ఒత్తుల దగ్గరే ఉంటాడు.

బడి లేని కాలం ఎంత పని చేస్తుందో దేశమంతా ఒకసారి చూసింది. కరోనా మూలంగా 2020 మార్చిలో మూతపడిన బడులు, నడుమ కొద్ది నెలలు తెరిచినా, 2021 ఆగస్టు దాకా సవ్యంగా నడవలేదు. ప్రథమ్ సంస్థ వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి 'అసర్' అనే నివేదిక తెస్తారు. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో నూటికి 22.6 మంది, 2022లో 10.3 మంది. 2018 సంఖ్యే గొప్పది కాదు. అందులో సగానికన్నా తక్కువకు పడిపోయింది.

వెనుకబడినవాడు ఇంకా వెనుకబడటం కూడా ఇందులోనే ఉంది. జూయెల్ పిల్లలనే తీసుకోండి. ఒకటో తరగతి ముగిసేసరికి బాగా చదివే పిల్లలు వాచకాల్లో సగటున సుమారు 18,700 మాటలు చదివారు. వెనుకబడినవాళ్ళు సుమారు 10,000 మాటలే. రాదు కనుక చదవడు, చదవడు కనుక రాదు. ఒకటో తరగతి చివర వెనుకబడ్డవాడు నాలుగో తరగతి చివర కూడా వెనుకనే ఉండే సంభావ్యత 0.88 అని తేలింది. మన ఊళ్ళో నీళ్ళు పడిన బోరువాడు రెండో బోరు వేస్తాడు, ఎండిన బోరువాడు అప్పు తీరుస్తూ ఉంటాడు చూడండి, అలాంటిదే ఇది.

రెండు కారణాలు క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఒకటి, కళ్ళు. చూపు మందగించిన పిల్లవాడికి ఆ సంగతి తెలియదు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. చివరి బెంచీ నుంచి బోర్డు మీది అక్షరాలు పోల్చలేకపోతే, పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే, వెంటనే కంటి పరీక్ష చేయించాలి. రెండోది డిస్‌లెక్సియా. ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు 1896లో ఒక పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. చురుకైనవాడు, లెక్కలు బాగా చేస్తాడు, చదవడం మాత్రం ఎంత నేర్పినా రాదు. ఇలాంటి పిల్లలకు మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జత చేయడం కష్టం. తెలివికి దీంతో సంబంధం లేదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. వీళ్ళకు ప్రత్యేకంగా నేర్పే పద్ధతులున్నాయి. అయితే చదవని ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించకండి.

మీరు చేయగలిగింది

క్యాంప్‌బెల్ మన వీధిబడుల్లో ఒక్క పద్ధతిని మాత్రం మనసారా మెచ్చుకున్నాడు. ముందున్న పిల్లలు వెనుకనున్న పిల్లలకు నేర్పడం. దానివల్ల నేర్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబేనని రాశాడు. అందుకే ఈ వ్యాసం మీ ఉపాధ్యాయులకు కాకుండా మీకు రాస్తున్నాను.

రోజుకు పది నిమిషాలు చాలు. తమ్ముణ్ణో చెల్లెల్నో పక్కన కూర్చోబెట్టుకోండి, ఎదురుగా కాదు. ఎదురుగా కూర్చుంటే అది పరీక్ష అవుతుంది. చాలా తేలికైన పుస్తకం తీసుకోండి, వాడి తరగతిది కాకపోయినా సరే. ఇరవై మాటల్లో ఒకటీ రెండు కన్నా ఎక్కువచోట్ల ఆగిపోతుంటే ఆ పుస్తకం బరువైందని గుర్తు. మీరు వేలు పెట్టి ఒక వాక్యం చదవండి, అదే వాక్యం వాణ్ణి చదవమనండి. మరుసటి రోజు మళ్ళీ అదే పేజీ. చదివిందే చదివితే కంఠతా వస్తుంది కదా అంటారేమో. కొంత వస్తుంది. కానీ చదివిందే మళ్ళీ మళ్ళీ చదివితే వేగం పెరుగుతుందని, కొత్త పాఠానికి కూడా ఆ లాభం కొంత అందుతుందని సామ్యుయెల్స్ 1979లో చూపించాడు. వాడు ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. నిజం చెప్పాలంటే ఇది ఉపాధ్యాయులకే కష్టమైన పని, నాకూ ఇంకా అలవాటు కాలేదు.

ఇంకొక మార్గముంది. న్యూజిలాండులో సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు మావోరీ పిల్లలకు చదువు చెప్పేది. ఎవరి దేశానివో తెలియని వాచకాలు పక్కన పెట్టి, ఒక్కొక్క పిల్లవాణ్ణి "నీకు ఏ మాట కావాలి?" అని అడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసి ఇచ్చేది. తన మాట కాబట్టి పిల్లవాడు దాన్ని మరిచిపోడు. 1963లో వచ్చిన 'టీచర్' అన్న పుస్తకంలో ఆమె ఇదంతా వివరించింది.

మా నీళ్ళ పిల్లవాడికి మేము చేసింది కూడా అదే. నేను వాళ్ళింటికి పోయి, ఆ రోజు నేను చేసింది తప్పేనని చెప్పి పిలుచుకొచ్చాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాడికి పది నిమిషాల పనికి ఒప్పుకుంది. మొదటి వారం ఆమె పుస్తకమే తెరవలేదు. "మీ మేకల గురించి చెప్పరా" అని అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టు రాసింది. "మా నల్లమేక తుమ్మకాయల కోసరం రెండు కాళ్ళ మింద నిలబడ్తాది" అని వాడంటే అలాగే రాసింది. 'కోసం' అని దిద్దలేదు, 'మీద' అని దిద్దలేదు. "ఇప్పుడు నువ్వు చెప్పింది నువ్వే చదువు" అంది. వాడు చదివాడు. తన మాట కాగితం మీద కనబడటం వాడికి అదే మొదలు. రాతలో తప్పులు దిద్దడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, తొందరేముంది? నెల రోజులకు పద్నాలుగు పేజీలయ్యాయి. దారంతో కుట్టి పుస్తకం చేసింది.

సంక్రాంతి పోగానే వాడు అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకోతలకు పోయాడు. హాస్టల్లో ఉండమని మేము చెప్పినా, చంటి చెల్లెల్ని చూసుకునే మనిషి లేక తీసుకుపోయారు. ఆ కుట్టిన పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

ఏప్రిల్‌లో వచ్చాడు. పుస్తకం చిరిగిపోయింది. కానీ చేతిలో ఒక అట్టముక్క ఉంది. బిస్కెట్ల డబ్బాకు వచ్చే అట్ట. దానిమీద పెన్సిలుతో బస్సు బోర్డుల మీద, అంగళ్ళ మీద, గోడల మీద చూసిన మాటలు రాసుకొచ్చాడు, పాతిక దాకా ఉన్నాయి. అందులో ఒక మాట మీద వేలు పెట్టి, "శీతల అంటే ఏంది సార్?" అన్నాడు.

శీతల గిడ్డంగి అని రాయబోయి గిడంగి అని రాశాడు, ఒత్తు ఎగిరిపోయింది. చల్లనిది అని చెప్పాను.

"మిరక్కాయల్ని చల్లగా పెడ్తారా సార్? యాలా?"